బల్ల మీద రెండు దెబ్బలు

మా కుట్టు హాల్లో ఒక పద్ధతి ఉంది. మిషను బాగు చేసిన మెకానిక్ దాన్ని ఒకసారి తొక్కి, చెవి పెట్టి విని, బల్ల మీద అరచేత్తో రెండు దెబ్బలు కొడతాడు. కొట్టాడంటే మిషను బాగున్నట్టు. ఆ తర్వాత దాని ముందు కూర్చున్న మనిషి మారు మాట ఆడదు, సూపర్‌వైజరు మళ్లీ చూడడు. ఏళ్ల తరబడి ఆ దెబ్బలు కొట్టిన చెయ్యి మా ఆయనది. హాలంతా ఆయన్ని డాక్టరని పిలుస్తుంది. ఇంట్లో మేకు కొట్టమంటే గోడకి కన్నం పెట్టే మనిషి, హాల్లో మాత్రం డాక్టరే.

ఆ డాక్టరుకి చెవులు పోయాయి.

ఒక్కరోజులో పోలేదు. అన్ని మిషన్ల మోతలో అన్నేళ్లు నిలబడితే చెవులు మాత్రం ఏం చేస్తాయి, అరిగిపోయాయి. మొదట తలుపు చప్పుడు పోయింది. తర్వాత వాన పోయింది. "ఈ ఏడు వానలు చప్పుడు లేకుండా పడుతున్నాయేంటే" అని కిటికీ దగ్గర నిలబడి అడిగాడు ఒకరోజు. వేళాకోళం చేస్తున్నాడేమోనని మొహం చూశాను. చేయడం లేదు.

చెవుల డాక్టరు చూసి, నరం దెబ్బతింది, మందులకి తిరిగొచ్చేది కాదు, చెవిలో పెట్టుకునే మిషను వాడితే మాటల వరకు కొంత ఉపయోగం ఉంటుంది, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు అన్నాడు. మాటలు వినపడకపోతే మా ఆయనకొచ్చే నష్టం ఏముంది, సగం నా సణుగుడే కదా. ఆయనకి కావలసింది మిషన్ల చప్పుడు. అది వినపడకపోతే ఆయన మెకానిక్ కాదు. హాల్లో తెలిసిందంటే ప్యాకింగుకి పంపేస్తారు, అట్టపెట్టెలకి టేపు అంటించడానికి. "అక్కడికి పంపితే నేను బతకనే" అన్నాడు భోజనం చేస్తూ, ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా. ఆ మాట మళ్లీ ఎప్పుడూ అనలేదు. నేను మరిచిపోలేదు.

అందుకని దాచాం. నా మిషను మూడో లైన్లో ఉంటుంది. ఆయన లైన్ల మధ్య నడుస్తుంటే నేను కుడుతూనే చెవులు రిక్కించి వినేదాన్ని. ఎక్కడైనా తేడా కొడితే అటు తల తిప్పి జుట్టు సర్దుకునేదాన్ని. ఆయన తిన్నగా అక్కడికి పోయి, పిల్లల నుదుటి మీద జ్వరం చూసినట్టు మిషను మీద అరచెయ్యి ఆనించి, అదురుని బట్టి లోపలి జబ్బు కనిపెట్టేవాడు. చెవి పోయినా చెయ్యి మిగిలింది. అలా ఏడాది నెట్టుకొచ్చాం.

"ఈ వయసులో ఆ జుట్టు సర్దుడేంటే, మా మరిది ఇటు రాగానే మొదలుపెడతావు" అని పక్క మిషను అక్క ఏడిపించేది. అక్కంటే తోడబుట్టింది కాదు. ఒకే రోజు పనిలో చేరాం, ఒకే గిన్నెలోంచి తిన్నాం, అంతకన్నా ఏం కావాలి. మా ఆయన్ని డాక్టరనకుండా మరిదీ అని పిలిచే హక్కు హాల్లో ఆమెకొక్కదానికే ఉంది. ఆమెకి కూడా మా సంగతి చెప్పలేదు. తనకీ చూపు తగ్గి, ఈమధ్య గుడ్డ మీదికి వంగిపోయి, ముక్కు సూదికి తగిలేలా కుడుతోంది. ఆమె గుట్టు నేను దాచాను, నా గుట్టు మాత్రం ఆమెకి విప్పలేదు.

మా అమ్మాయి ఫోన్ల దుకాణంలో పనిచేస్తుంది. పగిలిన అద్దాలు మారుస్తుంది, చచ్చిపోయిన ఫోన్లని బతికిస్తుంది. తండ్రి సంగతి తెలిసిన దగ్గర్నుంచి దానికి నిద్ర లేదు. "ఫోన్నే చెవిమిషను చేసే యాప్‌లున్నాయమ్మా. జేబులో ఫోను వింటుంది, చెవిలో ఇయర్‌ఫోను వినిపిస్తుంది. వెతికితే దొరక్కపోదు" అంది.

వెతికింది. మొదట దొరికిన యాప్ అన్నిటినీ పెంచేసింది. చెంచా కింద పడితే మా ఆయన పిడుగు పడ్డట్టు లేచి నిలబడ్డాడు. రెండోది కొంచెం నయమే కానీ, మధ్యమధ్యలో ఎవరో ఆడమనిషి చెవిలో దూరి తలనూనె కొనమని అరిచేది. "ఎవర్తే ఇది, నిన్ను మించిపోయింది" అన్నాడు నాతో. మూడోది ఫోను అద్దం ఆరిపోగానే తనూ నోరు మూసుకునేది. నాలుగోది అన్నీ బాగానే చెప్పేది గానీ ఆలస్యంగా చెప్పేది. నేను నోరు మూశాక నా మాట ఆయన చెవికి చేరేది. వైరు లేని ఇయర్‌ఫోను వల్ల ఆ ఆలస్యమని మా అమ్మాయి కనిపెట్టి వైరుది తెచ్చింది. ఫోను జేబులో గుడ్డకి రాసుకుని గరగరమంటోందంటే, ఆయన చొక్కాలన్నిటికీ జేబు ముందు భాగం కత్తిరించి జాలీ గుడ్డ వేసి కుట్టాను. ముగ్గురం పని వచ్చిన మనుషులమే కదా. ఎవరి పని వాళ్లం చేశాం.

ఐదో యాప్ దగ్గర ఆగాం. అందులో 'రొద తగ్గించు' అని ఒక గీత, దాని మీద అటూ ఇటూ జరిగే చుక్క ఉన్నాయి. మా అమ్మాయి ఆ చుక్కని వేలితో చివరిదాకా లాగింది. ఆయన ఒక్కసారి తలెత్తి ఫ్యాను వైపు చూశాడు. తిరుగుతూనే ఉంది. చప్పుడు లేదుట.

"వినపడుతున్నానా?" అన్నాను నేను, ఎప్పటిలా అరవకుండా, లోగొంతుకతో.

ఆయన నా వైపు తిరిగాడు. "నీ గొంతు ఇంత మెత్తన కదూ. అరిచి అరిచి, నేను మర్చిపోయేలా చేశావు" అన్నాడు. వంటగదిలోకి పోయి, కుళాయి విప్పి, కరువుతీరా ఏడ్చాను. అంత సంతోషం మళ్లీ నాకు ఈ జన్మలో వద్దు.

ఆ యాప్ దృష్టిలో మనిషి మాటొక్కటే వినదగ్గది, తక్కినదంతా రొద. దాన్ని తయారుచేసినవాళ్లు, మనిషన్నవాడికి సాటి మనిషి మాట కాక ఇంకేం కావాలనుకున్నారు. ఫ్యాను చప్పుడు పోయిందని చప్పట్లు కొట్టిన మా ముగ్గురికీ, హాల్లో అలా పోయేది మిషన్ల చప్పుడేనని తట్టలేదు.

మర్నాడు హాల్లోకి వైరు కాలరు కిందనుంచి పెట్టుకుని వచ్చాడు. మోతకి చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లు ఎలాగూ కొందరున్నారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. పనిలోకి పోయే ముందు నాతో "ఇంక నువ్వు జుట్టు సర్దుకోనక్కర్లేదులే" అన్నాడు. పాతరోజుల్లోలా చేతులు వెనక్కి కట్టుకుని, తల ఒక పక్కకి వంచి లైన్ల మధ్య నడిచాడు. ఏ మిషను మీదా చెయ్యి ఆనించలేదు. చెవి వచ్చాక చెయ్యెందుకు?

టీ దగ్గర మొహం వెలిగిపోతోంది. "ఏం హాయిగా ఉందే హాలు! ఒక్కటంటే ఒక్క మిషను గోల పెట్టడం లేదు. అన్నీ నున్నగా నడుస్తున్నాయి. ఏడాది గుడ్డిగా చూసుకున్నా బాగానే చూసుకున్నాను" అన్నాడు. నాకు మాత్రం హాలు ఎప్పటిలాగే మోతగా ఉంది. డాక్టరు ఆయన, నేను కుట్టుకునేదాన్ని. సరేనన్నాను.

టీ అయ్యాక అక్క మిషను మొండికేసింది. మందం గుడ్డ కుడుతుంటే దారం తెంపుతోంది. మా ఆయన కింద కూర్చుని, లోపల దారం పట్టే హుక్కు అరిగిందని తేల్చి, కొత్తది వేసి బిగించాడు. లేచి, తొక్కి, చేతులు వెనక్కి కట్టుకుని విన్నాడు.

నేనూ విన్నాను. ప్రతి కుట్టుకీ టిక్కు టిక్కుమంటోంది. హుక్కు వెంట్రుకవాసి పక్కకి కూర్చుంది. సూది దిగినప్పుడల్లా దాన్ని గీసుకుపోతోంది. అలా గీసుకున్న సూది వేగం మీద విరిగితే ముక్క ఎగిరి మొహానికే వస్తుంది. ఒకసారి నా కళ్లముందే ఒకామె కంట్లో గుచ్చుకుంది. ఆ మనిషి మళ్లీ పనికి రాలేదు.

ఆయన మొహంలో ఏ అనుమానమూ లేదు. బల్ల మీద రెండు దెబ్బలు కొట్టాడు.

నేను జుట్టు సర్దుకున్నాను. ఆయన నా వైపు చూసి నవ్వి, వద్దన్నట్టు తల ఊపి, చెవి మీద వేలు పెట్టి చూపించాడు. నేను రెండు చేతులూ తలకెత్తాను. ఆయన మొహం చిట్లించాడు. అక్క ఆ రెండు దెబ్బలూ వింది కాబట్టి ఇంక దేనికీ చూడకుండా గుడ్డ లోపలికి తోసి, ఎప్పటిలా మొహం సూది దగ్గరికి వంచి, కాలు పెట్టింది.

"అక్కా, తొక్కకు! ఆపు!" అని అరిచాను. ఆమె చెయ్యి పట్టుకుని లాగాను. "ఆయన మాట నమ్మకు! ఆయనకి చెవుడు! ఏడాది నుంచి ఏమీ వినపడదు ఆయనకి!"

మా లైను ఆగింది. పక్క లైను ఆగింది. తలలు తిరిగిన కొద్దీ ఒక్కొక్క మిషనే ఆగుతూ పోయి, హాలు మొత్తం ఆగిపోయింది. పని వేళలో ఆ హాల్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను.

మా ఆయన చెవి మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. పెదవులు చదవాల్సిన పని లేకపోయింది ఆయనకి. ఆ మోతనంతా జల్లెడ పట్టి, మట్టీ రాయీ తీసేసి, నా ఆ ఒక్క మాటని శుభ్రంగా చెవిలో పోసింది మా అమ్మాయి వెతికి తెచ్చిన యాప్.

సూపర్‌వైజరు వచ్చి చక్రాన్ని చేత్తో తిప్పి చూశాడు. సూది మొన అప్పటికే గీసుకుపోయి, పక్కకి వంగి ఉంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ముందే చెప్పాల్సింది డాక్టరుగారూ" అని చెవి దగ్గరికి వచ్చి గట్టిగా, చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. మా ఆయన వైరు లాగేసి, చుట్ట చుట్టి, జాలీ జేబులో పెట్టుకున్నాడు. పానాల సంచి బల్ల మీద పెట్టాడు. అక్క నా చేతులు పట్టుకుని, "మరిదికి ఇంక నా మొహం ఎలా చూపించనే" అని ఏడ్చింది. ఆమె ఏం చేసిందని?

ఇంటికి నడుస్తున్నంతసేపూ తిడతాడేమోనని చూశాను. తిడితే చెప్పడానికి నా దగ్గర జవాబుంది. అక్క కన్ను ఉంది. వీధి మలుపు దగ్గర ఆగి, "ఎంత బాగా వినపడిందో తెలుసా. ఒక్క అక్షరం పోలేదు" అన్నాడు. అందులో కోపం లేదు. కోపం లేకపోతే నేను దేనికి జవాబు చెప్పేది?

ఇప్పుడు ప్యాకింగులో ఉన్నాడు. టేపు లాగుతాడు, అంటిస్తాడు, పెట్టె పక్కకి తోస్తాడు. బతకనన్న మాట అబద్ధమేమీ కాదు. టేపు అంటిస్తున్న మనిషిని దూరం నుంచి చూస్తే అది నాకు తెలుస్తూనే ఉంది. హాల్లోకి కొత్త మెకానిక్ వచ్చాడు, అతనూ బల్ల మీద రెండు దెబ్బలు కొడుతున్నాడు. ప్రతిసారీ నేను కుట్టడం ఆపి చెవి పెట్టి వింటాను. చొక్కాల జాలీ జేబులు విప్పి మామూలు గుడ్డ వేశాను.

మా అమ్మాయి మాత్రం వెతకడం మానలేదు. తప్పంతా తనదేనని దాని ఏడుపు. పోయిన ఆదివారం ఇంకో యాప్ తెచ్చింది. ఇది ఏ చప్పుడునీ తీసెయ్యదట, ఏవి వినాలో మనమే చెప్పొచ్చట, దానికి మిషను చప్పుడు నేర్పించి మరీ తెచ్చింది. "అమ్మా, మన ఇంటి మిషన్లో ఏదో ఒకటి వదులు చేసి తొక్కు. నాన్న పట్టుకుంటాడో లేదో చూద్దాం" అంది.

సూది కడ్డీ మర వదులు చేసి కూర్చున్నాను. మా అమ్మాయి ఆయన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి చెవిలో ఇయర్‌ఫోను పెట్టింది. ఆయన వద్దనలేదు. దేనికీ వద్దనడం లేదు ఈమధ్య. నేను తొక్కాను. మిషను దడదడలాడింది.

ఆయన కళ్లు సూటిగా సూది కడ్డీ మీదికి వెళ్లాయి. చక్రం మీదికి కాదు, బాబిను మీదికి కాదు, తిన్నగా ఆ మర మీదికే. వేళ్లు కూడా బిగించడానికన్నట్టు ఒక్కసారి కదిలాయి. వినపడింది. ఇన్నేళ్లు కాపురం చేసినదాన్ని, నాకు తెలియదా?

"నాన్నా, ఎలా ఉంది మిషను? ఏమైనా తేడా ఉందా?" అని మా అమ్మాయి ఆత్రంగా ఆయన మొహంలోకి వంగి అడిగింది.

ఆయన మాట నమ్మకని హాల్లో అరిచిన నా వైపు చూశాడు. తర్వాత తల దించుకుని, బల్ల మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. ఇయర్‌ఫోను తీసి దాని చేతిలో పెట్టి, లోపలికి పోయి పడుకున్నాడు.

"ఇదీ పనికిరాలేదమ్మా" అంది మా అమ్మాయి. ఫోను తీసుకుని యాప్ తీసేసింది. నేను అవునన్నాను. చాలాసేపటి దాకా కాలు తీయలేదు. వదులు మరతో మిషను అలా కొట్టుకుంటూనే ఉంది.