కింది బాణం

మా వదిన ఎవరినీ తిట్టగా నేను చూడలేదు. మా ఆఫీసులో తిట్లు నా శాఖ. ఆవిడ మాత్రం బొత్తాలు మారుస్తుంది.

మేమిద్దరం ఒకే వార్తల సైట్లో పనిచేస్తాం. జనమే వార్తలు పెడతారు, జనమే కామెంట్లు రాస్తారు. నచ్చితే పై బాణం, నచ్చకపోతే కింది బాణం నొక్కుతారు. కింది బాణాలు ఎక్కువైన కామెంటు రంగు వెలిసిపోయి అడుక్కి పోతుంది. బూతులు తుడిచేయడం నా పని. ఒకటి తుడిస్తే పది మొలుస్తాయి, నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. పేజీలో ఏది ఎక్కడుండాలో, ఎలా కనబడాలో గీసేది వదిన. "నువ్వు నీళ్ళు తోడుతూ ఉండు, చిల్లు ఎక్కడుందో నేను చూస్తా" అంటుంది.

ఆ రోజు పొద్దున్నే ఒక వీడియో వచ్చింది. వానలో ఒక ముసలావిడ రోడ్డు పక్కన నిలబడి ఉంది, బస్సు ఆమెను వదిలేసి వెళ్ళిపోతోంది. అర నిమిషం కూడా లేదు. మధ్యాహ్నానికి తొమ్మిది వందల కామెంట్లు, అన్నీ డ్రైవర్ మీదే. అతణ్ణి ఉద్యోగంలో ఉంచాలో తీసేయాలో సాయంత్రం ఐదింటికి తేలుస్తామని బస్సు కంపెనీ ప్రకటించింది.

పన్నెండున్నరకు డ్రైవర్ కూతురు ఆఫీసుకు ఫోన్ చేసింది.

"సార్, ఆ బస్సులో ఉన్నావిడ ఒకరు జరిగింది జరిగినట్టు మీ సైట్లోనే రాశారు. అది ఎవరికీ కనబడట్లేదు. కొంచెం పైకి పెట్టండి సార్."

"ఎవరి కూతురైనా ఇలాగే చెబుతుందమ్మా" అని ఫోన్ పెట్టేశాను.

పక్క బల్ల దగ్గర వదిన కళ్ళజోడు పైకి నెట్టుకుంది. "ఏం మరిదిగారూ, ఆ కామెంటు చదివారా, జోస్యం చెప్పారా?"

వెతికాం. అట్టడుగున, కళ్ళు చిట్లిస్తే తప్ప కనబడనంత వెలిసిపోయి ఉంది. మైనస్ అరవై మూడు. పైకి కనబడేది ఒక్క వాక్యమే: "డ్రైవర్ తప్పేమీ లేదు." మిగతాది నొక్కి తెరవాలి. తెరిచాం. ముసలావిడ మందుల సంచి స్టాపులో మరిచిపోయి, తనే దింపమని దిగిందట. డ్రైవర్ వెనక బస్సుకు ఫోన్ చేసి, ఆమెను ఎక్కించుకోమని చెప్పాకే కదిలాడట. రాసినావిడ మూడో సీట్లో ఉందట.

ఏ బాణం ఎవరు నొక్కారో వదినకు కనబడుతుంది. జాబితా తెరిచింది. మొదటిది ఎవరిదో. రెండోది నాది, పొద్దున ఎనిమిదీ పదికి. ఆ ఒక్క వాక్యం చూశాను, పక్కనే మైనస్ ఒకటి చూశాను, నొక్కాను. అంతే. గొర్రెదాటు అంటారే, అదే. ముందు దూకిన గొర్రెల్లో నేనొకణ్ణి.

"దీన్ని తీసి ఇప్పుడే పైన పెట్టేద్దాం వదినా."

"నువ్వు పెడితే నీ మాట అంటారు. వాళ్ళనే చదవనీ."

ఒకటిన్నరకల్లా పేజీ మారిపోయింది. వదిన అంకెలు దాచేసింది. ఏ కామెంటూ వెలిసిపోకుండా చేసి, వరస ఒక్కొక్కరికి ఒక్కోలా కలిపేసింది. చివరిదాకా తెరిస్తే తప్ప బాణం కనబడదు. ఒక్క మాట తుడవలేదు, ఒక్కరికీ నీతులు చెప్పలేదు. నాలుగేళ్ళుగా అరిచి నేను సాధించలేనిది ఆవిడ గంటలో చేసేసరికి కుళ్ళూ వచ్చింది, మా వదిన అని గర్వమూ వచ్చింది.

రెండున్నరకు ఎవరో అడిగారు, "అంటే ఆవిడ తనే దిగిందా?" అని. పొద్దున బండబూతులు రాసిన ఒకాయన తన కామెంటు తనే తీసేసుకున్నాడు. మూడింటికి వెనక బస్సు డ్రైవర్ రాశాడు, ఫోన్ వచ్చిన మాట నిజమేనని, ముసలావిణ్ణి తానే ఎక్కించుకున్నానని. ఐదింటికి కంపెనీ ఒక్క ముక్కలో తేల్చింది: డ్రైవర్ రేపు డ్యూటీకి రావచ్చు.

కూతురు మళ్ళీ ఫోన్ చేసింది. "నాన్న ఉద్యోగం నిలబడింది సార్. ఇందాక మీరు అలా అన్నా, నా మాట విని దాన్ని పైకి తెచ్చారు. మీ మేలు మరిచిపోలేం."

ఊఁ అని ఊరుకుంటే సరిపోయేది. నా వల్ల కాలేదు.

"తెచ్చింది మా వదినమ్మా. దాన్ని కిందికి తోసినవాళ్ళలో రెండోవాణ్ణి నేను. చదవకుండానే నొక్కాను. క్షమించు."

"ఆ మాట నాకు కాదు సార్. నాన్నకిస్తా, ఆయనకే చెప్పండి."

"హలో, ఎవరండీ?" అన్నాడాయన.

సైట్లో నాలుగేళ్ళుగా నాకున్నది మారుపేరు. ఆయనకు నా అసలు పేరు చెప్పాను.