అక్క వ్యానుకు బ్రేకు హోసులు

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన షెడ్డు పెట్టుకున్న మురుగేష్ పనికి వంక పెట్టినవాళ్లు లేరు. ముక్కూ మొహం తెలియనివాడి కారు వచ్చినా జాకీ మీద ఎత్తి, చక్రాలు ఊడదీసి, కిందికి దూరి మరీ చూసేవాడు. ఆ భాగ్యం దక్కనిది సొంతవాళ్ల బండ్లకే. మామ ఆటో, తోడల్లుడి స్కూటరు, అన్నీ ‘మన బండే కదా, ఎప్పుడైనా చూడొచ్చులే’ అని వెనక్కి పోయేవి. మనవాళ్లంటే అంత ప్రేమ మరి!

అలా వెనక్కి పోయినవాటిలో అన్నిటికంటే పాతది నగరిలో ఉండే అక్క సిద్ధమ్మ వాళ్ల మారుతీ వ్యాను. బావ గోవిందస్వామి తన పవర్‌లూమ్ మీద నేసిన లుంగీల మూటలు దాంట్లోనే వేసుకుని ఊళ్లు తిరిగేవాడు. మనవరాలు భవితకు పుట్టు వెంట్రుకలు తీయించడానికి కొండకు బయలుదేరి, ముందు రోజు సాయంత్రమే ముగ్గురూ మురుగేష్ ఇంట్లో దిగారు. పాప అమ్మానాన్నలు పొద్దున్నే బస్సులో నేరుగా కొండ మీదికి వస్తామన్నారు.

"ఒరే మురుగేషా, బ్రేకులవీ ఒకసారి సూడరా. పాపతో కొండ దిగాల" అంది సిద్ధమ్మ.

"నువ్వు సెప్పాల్నా అక్కా?" అన్నాడు తమ్ముడు. అన్నాడే గానీ, ఆ సాయంత్రం షెడ్డులో బయటివాళ్ల కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. తెల్లవారాక బ్రేకు ఒకసారి కాలితో తొక్కి చూశాడు. గట్టిగానే ఉంది. ఇంకేం కావాలనుకున్నాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించి, హారతి తిప్పాడు.

"అంతా సూసినావా?" అంది అక్క, పాపను ఒళ్లోకి సర్దుకుంటూ.

"సూసినాలే, పొయ్‌రాండి."

నిమ్మకాయలు చితికాయి. వ్యాను వెళ్లిపోయింది.

తర్వాత చేతికి వచ్చింది చిత్తూరు నుంచి కొండకు పోతున్న ఎవరిదో కారు. మురుగేష్ ముందు చక్రం ఊడదీసి, బ్రేకు ఆయిలు పారే రబ్బరు గొట్టాన్ని, అదే హోసును, వేళ్లతో వంచి చూశాడు. పైన నున్నగా కనిపించే రబ్బరు వంచేసరికి సన్నగా బీటలు చూపించింది.

"దీంతో కొండ దిగొద్దన్నా" అన్నాడు కారాయనతో. "గాట్‌లో మాటిమాటికీ బ్రేకు తొక్కాల. ఈ రబ్బరు చిట్లిందంటే ఆయిలంతా కారిపోయి, పెడలు నేలకు పోతాది. బండి నిలబడదు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక అతనికి అక్క వ్యాను గుర్తొచ్చింది. అది ఈ కారు కంటే ఎంతో పాతది. దాని హోసులు బావ కొన్ననాటివి. ఒక్కసారైనా వంచి చూశాడా? లేదు. అసలు ఆ బండిని జాకీ ఎక్కించిందే లేదు. ఎవరో దారినపోయే మనిషికి ఇంత వివరంగా చెప్పిన నోటితోనే, పావుగంట కిందట అక్కకు సూసినానని చెప్పాడు.

వెంటనే ఫోన్ చేశాడు. "అలిపిరి దాటొద్దక్కా. ఒక చిన్న పని మరిచినా, వస్తావుండా." అప్పుడు కూడా చిన్న పనే అన్నాడు, సిగ్గులేకుండా!

కొత్త హోసులు, బ్రేకు ఆయిలు, జాకీ, స్పానర్లు సంచిలో వేసుకుని మోటార్‌సైకిల్ మీద పరుగెత్తాడు. వ్యాను తనిఖీ లైనుకు ఇవతలే రోడ్డు వారగా ఆగి ఉంది. వచ్చీ రాగానే చక్రం ఊడదీసి, బావను బ్రేకు తొక్కమన్నాడు. బీటలు పడ్డ చోట హోసు గోళీకాయంత ఉబ్బింది. కాలు తీస్తే తగ్గింది, తొక్కితే మళ్లీ ఉబ్బింది.

సిద్ధమ్మకు ఇదంతా ఏం తెలుసు? పక్క బండిలోంచి దిగిన ఆడవాళ్లతో చెప్పుకుంటోంది. "మా తమ్ముడు! సూసినాక గూడా మనసు నిలవక, పనంతా ఇడిసిపెట్టి పరిగెత్తుకొచ్చినాడు సూడండి."

"ఇట్లాంటి తమ్ముడు ఎంతమందికి ఉంటాడమ్మా" అందొకామె.

మురుగేష్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నోరు మూసుకుంటే చాలు, ఆ పొగడ్త అలాగే నిలిచిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. కానీ అక్క చంకలో పాప అతని మసి చేతులు చూసి నవ్వుతోంది. ఆ నవ్వును అతను ఓర్చుకోలేకపోయాడు.

"నేను సూడలేదక్కా" అన్నాడు, కూర్చున్నచోటి నుంచే. "అబద్ధం సెప్పినా. నిమ్మకాయలు పెట్టి పంపించేసినా."

సిద్ధమ్మకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కేక వేయలేదు, తిట్టలేదు. పాపను రెండు చేతులతో గుండెకు అదుముకుని, "బిడ్డ ఉండాది కదరా దీంట్లో" అని మాత్రం అంది. పక్కనున్న ఆడవాళ్లు మెల్లగా తప్పుకున్నారు. నాలుగు తగిలించినా ఇంతకంటే మేలుగా ఉండేదనిపించింది మురుగేష్‌కు.

హోసులన్నీ మార్చాడు. మెలి పడకుండా బిగించాడు. బావ బ్రేకు తొక్కుతుంటే గాలి బుడగలన్నీ పోయేదాకా ఆయిలు వదిలాడు. చేతులు పని చేస్తున్నాయే గానీ కళ్లు ఎవరి వైపూ లేవలేదు.

"అయిపోయింది బావా" అన్నాడు చివరికి.

స్పానరుకూ స్క్రూడ్రైవరుకూ తేడా తెలియని మనిషి, బండి సంగతి వస్తే బామ్మర్ది మాటే వేదమనుకున్న గోవిందస్వామి ఉతికిన తెల్ల పంచె పైకి కట్టి రోడ్డు మీద మోకాళ్లూని వంగాడు. సెల్‌ఫోన్ లైటు వేసి వ్యాను కిందికి తల దూర్చాడు.

"ఏది, యాడుండాది హోసు?"

మురుగేష్ పక్కన బోర్లా పడుకుని వేలుతో చూపించాడు. గోవిందస్వామి ఒక్కో హోసునూ చేత్తో తడిమి, వేళ్లకు తడి అంటిందేమో చూసుకున్నాడు. ఆయనకు ఏం చూడాలో తెలియదు. అయినా చూశాడు. అలా చూసుకోవాల్సిన గతి బావకు పట్టించింది తనే కదా అనుకున్నాడు మురుగేష్.

బావ లేచి పంచె దులుపుకున్నాడు. సిద్ధమ్మ పాపను ఎత్తుకుని వ్యాను దగ్గరికి వచ్చింది. తమ్ముడు ఎదురుగానే నిలబడి ఉన్నాడు. అతన్ని దాటుకుని మొగుడి వైపు తిరిగి, "ఎక్కొచ్చునా?" అని అడిగింది.