ప్రధాన డ్రైవరు

"కారు నేను చూశాను, కాగితాలు నువ్వు చూడు" అన్నాడు గిస్లాన్, నేను తరుగుతున్న ఉల్లిపాయల పక్కన ఫైలు పెట్టి. పెళ్లయిన ఇరవై ఆరేళ్లుగా మా ఇంట్లో కాగితాలన్నీ నా వంతే. పన్నులు, కరెంటు, వాళ్లమ్మ ఆస్పత్రి, చివరికి ఆవిడ శవపేటిక కొలతలు కూడా. కారు బెల్జియంలో, నమూర్‌లో కొన్నాడు. ఇక్కడికి, ఫ్రాన్స్‌లోని షార్ల్‌విల్‌కి, గంటన్నర దారి. ఫ్రాన్స్ నంబరు ప్లేటు వచ్చేదాకా ఆ కారుకు చాసిస్ నంబరే పేరు. దాని మీద ఇన్సూరెన్సు చేయిస్తే తప్ప షోరూం వాళ్లు తాళాలివ్వరు.

ఫారంలో ఒక గడిని గిస్లాన్ పెన్సిలుతో ముందే నింపాడు. ప్రధాన డ్రైవరు: ఒదిల్. అంటే నేను. నేను స్టీరింగు పట్టుకోక నాలుగేళ్లయింది. గిస్లాన్ పోయినేడు తాగి నడుపుతూ పట్టుబడ్డాడు. నాలుగు నెలలు లైసెన్సు లేదు.

"నా పేరు పెడితే ఎవడూ తీసుకోడు. నీ యాక్సిడెంటు పాతబడింది, నా కేసు కొత్తది" అన్నాడు. గుమ్మం దాటబోతూ ఆగి, "అయినా నా దాంట్లో ఎవరి కాలూ విరగలేదులే" అని నవ్వాడు.

నా యాక్సిడెంటు. నాలుగేళ్ల కిందట నవంబరులో ఒక ఆదివారం, నేను ఇంట్లో చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. గిస్లాన్ వాళ్లమ్మతో ఎవరింటికో భోజనానికి వెళ్లాడు. ఫోన్ మోగింది. కోటు వేసుకుని స్మశానం మలుపు దగ్గరికి రమ్మన్నాడు. పన్నెండు నిమిషాలు నడిచాను. మదాం కొలినె అనే ఆవిడ కాలు విరిగి రోడ్డు మీద పడి ఉంది, ఆవిడ సైకిలు కాలవలో ఉంది. మా అత్తగారు కారు దిగకుండా అద్దం దించి మాట్లాడింది. "నువ్వు చుక్క ముట్టవు కదమ్మా. వాడి ఉద్యోగం పోతే తినేదేముంది?" పోలీసులు వచ్చాక, నడిపింది నేనేనంటే, నా చేత గొట్టంలో ఊదించారు. సున్నా చూపించింది.

ఇదంతా నాకు వాక్యాలుగానే తెలుసు. కళ్లు మూసుకుంటే కనిపించేది వేరు. పొగమంచు, సైకిలు వెనక ఎర్రలైటు, స్టీరింగు మీద నా చేతులు. పోలీసులకు చెప్పినప్పుడు పొగమంచు చేర్చాను. ఇన్సూరెన్సు మనిషి అడిగినప్పుడు ఎర్రలైటు చేర్చాను. ఆ తర్వాత ఇంకెవరు అడిగినా చేర్చాల్సిన పని పడలేదు, అవి అక్కడే ఉన్నాయి. ఇప్పటికీ వంటగదిలో కూరలు తరుగుతుంటే ఒక్కోసారి నా కుడికాలు నేలను నొక్కుతుంది. నొక్కాక గాని నాకు తెలియదు.

మదాం కొలినె ఇప్పుడు కర్రతో నడుస్తుంది. ఏటా నవంబరులో ఆపిల్ టార్టు చేసి తీసుకెళ్తాను. నిరుడు తింటూ, "పడ్డాక తల తిప్పితే అద్దం వెనక మీరే కనబడ్డారు. మీ మొహం మర్చిపోలేను" అంది. కోపంగా చెప్పలేదు. ఇంటికొచ్చి గిస్లాన్‌తో అంటే, "మరి నువ్వేగా ఉంది" అన్నాడు వార్తలు చూస్తూ. మా అత్తగారు పోయే ముందు ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, ఆ రోజు నన్ను నడపనివ్వకుండా ఉండాల్సిందని ఏడ్చింది. గదిలో ఇద్దరమే ఉన్నాం. ఆవిడ కళ్లలో అబద్ధం కోసం చాలాసేపు వెతికాను. ఆవిడ నిజంగానే ఏడుస్తోంది.

గురువారం ఉదయం ఫైలు పట్టుకుని ఇన్సూరెన్సు ఆఫీసుకు వెళ్లాను. సొలెన్ అనే అమ్మాయి కూర్చోమంది. బిల్లు, పన్ను కట్టిన చీటీ, కారు కంపెనీ ఇచ్చిన ధ్రువపత్రం వరసగా పేర్చుకుంది. నెలలోపు నంబరు ప్లేటు తెచ్చుకోవాలని చెప్పింది. తర్వాత నా పాత రికార్డు చదివింది.

"నాలుగేళ్ల కిందట ఒకటుంది మేడమ్. ఒకరికి గాయం. నడిపింది మీరే కదా?"

"నేనే" అన్నాను. అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు.

ధ్రువపత్రంలో చాసిస్ నంబరు చివర ఒక అక్షరం అలుక్కుపోయింది. ఎనిమిదో, 'బి'నో తేలలేదు. బండి ఫోటో ఉందా అని అడిగింది. షోరూం వాళ్లు ముందు అద్దం మూలనున్న నంబరును బయటి నుంచి ఫోటో తీసి పంపారు. ఫోన్లో తెరిచి రెండు వేళ్లతో పెద్దది చేశాను. నంబరు పక్కకు జరిగి, అద్దం వెనక డ్రైవరు సీటు కనిపించింది. ప్లాస్టిక్ తొడుగు ఇంకా తియ్యలేదు. గిస్లాన్ శనివారం ఎక్కి చూసి వదిలినట్టే ఉంది, వెనక సీటుకు ఆనేదాకా నెట్టి. అతను ఆరడుగుల మూడంగుళాలు. నేను ఐదడుగులు.

మొదట చప్పుడు వినిపించింది. కిర్రు, కిర్రు, కిర్రు.

ఆ రోజు స్మశానం మలుపు దగ్గర, అంబులెన్సుకు దారివ్వాలి, బండి పక్కకు తియ్యండి మేడమ్ అన్నాడు పోలీసు. నేను ఎక్కి కూర్చున్నాను. కాలు చాపితే పెడల్ లేదు, గాలి ఉంది. సీటు కింద తడిమి, మీట లాగి, కిర్రు కిర్రుమని ముందుకు జరుపుకున్నాను. పోలీసు తెరిచిన తలుపు దగ్గర పుస్తకంతో నిలబడ్డాడు. సీటు చివరిదాకా వచ్చేవరకూ ఆగాడు. నా బూట్ల వైపు చూశాడు. పెన్నుకు మూత పెట్టాడు. అతని నీడ నా ఒళ్లో పడింది.

నీడ పడింది. ఆ రోజు ఎండ కాసింది.

"ఎనిమిదా, బీనా మేడమ్?"

"ఎనిమిది."

సొలెన్ టైపు చేసుకుంది. "ప్రధాన డ్రైవరు మీరే. అంతేనా?"

బల్ల కింద నా కుడికాలు నేలను నొక్కుతోంది. తీసి ఎడమకాలి పక్కన పెట్టాను. ఫోన్ ఆమె వైపు తిప్పాను.

"ఈ సీట్లో నా కాలు పెడల్‌కు అందదు" అన్నాను. "ఆ రోజూ అందలేదు. రాసుకోండి."