అంబలి కుండ

ఆలూరు నీలమ్మ కొడుకు శ్రవణ్‌కు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిన రోజు ఆమె కళ్లు నెత్తికెక్కాయి. ఎక్కవా మరి, వాడకట్టులో మొదటి ఇంజనీరు. అత్తగారి కాలం నుంచి వస్తున్న అంబలి కుండను తీసుకెళ్లి తోడికోడలు రామమ్మ గడపలో పెట్టింది.

"ఇగ మా ఇంట్ల అంబలి తాగెటోళ్లు లేరు. నువ్వే ఉంచుకో."

ఆ కుండకో పద్ధతి ఉంది. దాన్ని పూర్తిగా కడగరు. పులిసిన పిండినీళ్లు అడుగున కొంచెం మిగిల్చి, సాయంత్రం గుప్పెడు జొన్నపిండి, చెంబెడు నీళ్లు కలుపుతారు. పొద్దున్నే అందులోంచి తీసి కాస్తారు. ఒక్కపూట పిండి తప్పినా పులుపు చస్తుందని అత్తగారు బెదిరించేది.

శ్రవణ్ ఆదివారాలు వచ్చి, "అవ్వా, అంబలి కాసినవా?" అని తల్లిని అడిగేవాడు.

"గంత పెద్ద నౌకరి చేసుకుంట అంబలి తాగుతే నలుగురు నవ్వరా?" అని నూడుల్స్ ఉడికించి పెట్టేది. ఆఫీసులో ఎలాగూ పిజ్జా, కూల్‌డ్రింకు. కడుపు నొస్తే మెడికల్ షాపు గోలీలు. మూడేళ్లకు చెట్టంత పిల్లవాడు గడకర్రలా అయ్యాడు. విరేచనంలో నెత్తురు పడ్డాక గానీ పట్నంలో దవాఖానకు పోలేదు.

డాక్టరు విడమరిచి చెప్పాడు. "కడుపులో మేలు చేసే సూక్ష్మజీవులు కోట్లు ఉంటాయమ్మా, పులిసిన అంబలిలో ఉండేలాంటివే. జొన్నలు, పప్పులు, ఆకుకూరలే వాటి తిండి. అది అందకపోతే ఆకలికి పేగు మీది పొరనే తింటాయి. గోలీలకు చాలావరకు చచ్చాయి కూడా. అయితే జబ్బుకు ఇదొక్కటే కారణమని చెప్పలేను."

ఆ చివరి మాట నీలమ్మ చెవిన పడలేదు. కొడుకును దవాఖానలో ఉంచి ఊరికి బయల్దేరింది. చేవెళ్లలో బస్సు దిగి, ఆటో పట్టుకుని, రామమ్మ ముందు ఖాళీ గిన్నెతో నిలబడింది. రామమ్మ పులుపు పోసి ఇచ్చింది గానీ దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండుననిపించింది.

మర్నాడు కాచిన అంబలి దవాఖానకు తీసుకెళ్తే, పేగుకు చిల్లు పడింది, చుక్క నీళ్లు కూడా పట్టొద్దన్నారు డాక్టర్లు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. మూత తీయకముందే శ్రవణ్ వాసన పట్టాడు.

"అంబలి తెచ్చినవా, అవ్వా?"

"ఇంటికి పోయినంక తాగుదువు బిడ్డా."

ఐదో రోజు ఇంటికి తెచ్చారు, అంబులెన్సులో. తాగడానికి శ్రవణ్ లేడు.

నెల తర్వాత ఒక సాయంత్రం రామమ్మ వచ్చేసరికి నీలమ్మ కొత్త కుండ ముందు కూర్చుని ఉంది. అంబలి ఆమెకు గొంతు దిగదు. పొద్దున కాచింది బర్రె కుడితిలో పోస్తోంది.

"ఇంకెవరికక్కా ఇది?"

"దీంట్ల ఉన్నవాటికి ఆకలైతది," అని నీలమ్మ గుప్పెడు పిండి కుండలో వేసింది.