ఏడో నంబరు రోడ్డు

దొల్మె పట్టణం మాస్టర్ ప్లాన్‌లో ఏడో నంబరు రోడ్డని ఒకటుంది. ఉందంటే కాగితం మీద ఉంది. నలభై ఏళ్ల పైచిలుకు కింద ఎవరో మహానుభావుడు బస్టాండు నుంచి ఏటిగట్టు దాకా స్కేలు పెట్టి ఎర్ర గీత గీసేసి చేతులు దులుపుకున్నాడు. ఆ గీత కింద ఎవరి ఇళ్లున్నాయో ఆయనకేం పట్టింది! నలభై రెండు కుటుంబాలు దాని కింద పడ్డాయి. అప్పట్నుంచీ వాళ్లకి పాత గోడ పడగొట్టి కొత్తది లేపుకునే హక్కు లేదు. పోనీ రోడ్డయినా వచ్చిందా అంటే అదీ లేదు. ప్రతి ఏడూ బడ్జెట్లో దాని పేరు చదివేవాళ్లు, ప్రతి ఏడూ వేరే పని ముందుకొచ్చేది. ఒక ఏడు ఏటిగట్టు మీద రంగుల ఫౌంటెన్. ఇంకో ఏడు ఊరి మొదట్లో మూడంతస్తుల ఎత్తు మిరపకాయ బొమ్మ. ఆ బొమ్మ దగ్గర ఫోటో దిగడానికి ఎవరైనా వచ్చారా అంటే, ప్రారంభం రోజున మేయరుగారు దిగారు.

ఇన్నేళ్లకి ఇప్పుడు ఆ గీత చెరిపేస్తున్నారు. కౌన్సిల్లో తీర్మానం పెట్టాలి. ఫైలు తయారుచేసే పని టౌన్ ప్లానింగ్ సెక్షన్లో టీమ్ లీడరు మ్యోంగ్ గితేక్ మీద పడింది. ఏ పని మాత్రం ఆయన మీద పడలేదు గనక! యాభై తొమ్మిదేళ్లు, నెత్తిన నాలుగు వెంట్రుకలు, ఏడు నెలల్లో పదవీ విరమణ. తన తర్వాత చేరినవాళ్లు పై అధికారులైపోయారు. ఆయన మాత్రం అదే సెక్షన్లో, అదే కిటికీ పక్కన, అదే మ్యాపు మడతపెట్టుకుంటూ ముసలివాడయ్యాడు.

కౌన్సిల్లో ఎవరైనా ప్రశ్న అడగాలంటే రెండ్రోజుల ముందే కాగితం మీద రాసి పంపాలి. ఆఫీసు జవాబు రాసిపెడుతుంది. సమావేశంలో కౌన్సిలరు ప్రశ్న చదువుతాడు, అధికారి జవాబు చదువుతాడు, అందరూ భోజనానికి లేస్తారు. ఈసారి కౌన్సిలరు యంగ్‌బే పంపిన ప్రశ్నని గితేక్ రెండుసార్లు చదివాడు.

"ఏడో నంబరు రోడ్డు తప్పకుండా వస్తుందని ఆఫీసు తరఫున ఎవరైనా ప్రజలకి నోటిమాటగా చెప్పారా? చెప్పి ఉంటే అది తప్పని ఒప్పుకుంటారా?"

యంగ్‌బే తనంతట తాను టైమెంతైందని కూడా అడిగే మనిషి కాదు. ఇది ఎవరు రాయించారో గితేక్‌కి తెలుసు. మార్కెట్ వీధిలో నూనె మిల్లు ఇమ్‌సూన్.

ఎవరు చెప్పారన్నది కూడా తెలుసు. చెప్పింది తనే.

ముప్పై రెండేళ్ల కింద, ఉద్యోగంలో చేరిన రెండో నెల. మూడో నంబరు కిటికీ దగ్గరికి ఇమ్‌సూన్, ఆవిడ మొగుడూ వచ్చారు. కింద మిల్లు, పైన ఇల్లు వచ్చేలా ప్లాను గీయించుకొచ్చారు. గితేక్ మ్యాపు తెరిచి చూస్తే మిల్లు సరిగ్గా గీత మీద ఉంది. పర్మిషన్ కుదరదన్నాడు. ఆ మొగుడు మన్‌సోక్ మొహం వాడిపోవడం చూసి ప్రాణం ఉసూరుమంది. ఉత్త చేతులతో పంపించడం ఇష్టంలేక, "ఎందుకండీ బెంగ! రెండు మూడేళ్లలో రోడ్డు వచ్చేస్తుంది. పరిహారం తీసుకుని ఇంతకంటే మంచి చోట కట్టుకుందురుగాని" అన్నాడు. అలా చెప్పమని ఆయనకెవరూ చెప్పలేదు. పెద్దవాళ్లు అనుకుంటుంటే విన్నాడంతే. ఇద్దరికీ కాగితం కప్పుల్లో కాఫీ కూడా ఇచ్చాడు. మన్‌సోక్ రెండుసార్లు వంగి దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ మాట పట్టుకుని వాళ్లు ఆగారు. ఇవాళో రేపో కూలగొట్టే ఇంటికి కప్పు మార్చడం దేనికని ఆగారు. రేకులు పగిలితే అతుకులు వేసుకున్నారు. అలా ఆగిన పదకొండో ఏట వర్షాలకి అతుకు వేయడానికెక్కిన మన్‌సోక్, రేకు విరిగి కింద గానుగ యంత్రం మీద పడ్డాడు. తుంటి విరిగింది. తర్వాత బతికినన్నాళ్లూ కుంటుతూనే నువ్వులు వేయించాడు. నాలుగేళ్ల కింద పోయాడు.

ఆదివారం భార్య నువ్వుల సంచి చేతికిచ్చి మిల్లుకి తోలింది. గితేక్‌కి కాళ్లు రాలేదు, కానీ పందొమ్మిదేళ్లుగా నూనె ఆడించే మిల్లు మానేస్తే ఇంట్లో ఏం చెప్పాలి?

ఇమ్‌సూన్ డెబ్బై ఒకటో ఏట కూడా బాణలి దగ్గరే నిలబడి ఉంది. కప్పు కింద బకెట్టు పెట్టుంది. "రండి బాబూ, టీమ్ లీడరుగారూ! మా ప్రశ్న మీ దగ్గరికొచ్చిందా?"

"వచ్చిందక్కా."

"జవాబు మీరే రాస్తారటగా. బాగా రాయండి మరి."

"మీకు... ఏం కావాలని అడుగుతున్నారక్కా? డబ్బుకైతే ఇలా కాదు, కోర్టుకి..."

"డబ్బెవడడిగాడయ్యా!" ఆవిడ గరిటె బాణలికేసి టంగుమని కొట్టింది. "వచ్చే నెల మా ఆయన తద్దినం. ప్రతి ఏడూ మా మరుదులు వస్తారు, పళ్లెం ముందు కూర్చుంటారు, సోజు సారా రెండు గుక్కలు పడగానే మొదలెడతారు. అన్నయ్య వట్టి బద్ధకస్తుడు, కాస్త కదిలుంటే మేడ లేచేది, కప్పు వేసుకోవడం చేతకాక కాలు విరగ్గొట్టుకున్నాడు అని. చచ్చిపోయినవాడి ముందు! ఆయన కోసం పెట్టిన అన్నం ముందు! ఆయన బద్ధకస్తుడు కాదు. ఆఫీసు మాట నమ్మాడు, అంతే. ఆ మాట చెప్పామని మీ మినిట్సు పుస్తకంలో ఒక్క ముక్క పడితే ఆ కాగితం తెచ్చి పళ్లెం పక్కన పెడతాను. నోరు మూసుకుని తింటారు."

గితేక్ నేల చూపులు చూస్తూ అడిగాడు. "చెప్పిందెవరో గుర్తుందా అక్కా?"

"ఎవరో కుర్ర ఆఫీసరు. సన్నగా రివటలా ఉండేవాడు. ఒత్తు జుట్టు, ఇటు పాపిడి. ఎంత మర్యాదో! కాఫీ కూడా ఇచ్చాడు. ఈపాటికి రాజధానిలో ఏ పెద్ద కుర్చీలోనో ఉండుంటాడు." ఆడిన నూనె పోసిన పాత ఆకుపచ్చ సోజు సీసాలు రెండు కాగితంలో చుట్టి ఇచ్చింది. "మొదట పిండినది. అమ్మగారికి చెప్పండి."

నోటిదాకా వచ్చిన మాట మింగేసి సీసాలు చంకన పెట్టుకుని వచ్చేశాడు గితేక్. దారి పొడుగునా తనని తాను తిట్టుకుంటూనే ఉన్నాడు.

మర్నాడు జవాబు రాశాడు. "ఆ రోజుల్లో కిటికీ దగ్గర అలాంటి మాట చెప్పి ఉండవచ్చు" అని. సెక్షన్ హెడ్ నామ్‌గుంగ్ చదివి కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు. గితేక్ కంటే పదకొండేళ్లు చిన్న, అయినా మర్యాద తప్పడు. మర్యాదగానే మనిషిని నలిపేస్తాడు.

"టీమ్ లీడరుగారూ, ఉండవచ్చు ఏమిటండీ? రికార్డులో ఉందా, లేదా?"

"నోటిమాట సార్. రికార్డెలా ఉంటుంది?"

"లేదు కదా. అయితే లేదనే రాయండి. అబద్ధమేం కాదుగా? ఒకరికి అవునన్నామంటే మిగతా నలభై ఒక్క ఇళ్లవాళ్లూ రేపు పొద్దున్నే బ్యానర్లు కట్టుకుని గేటు ముందు కూర్చుంటారు." తర్వాత గొంతు తగ్గించాడు. "ఏడు నెలలండీ. హాయిగా వెళ్లిపోండి."

"అలా చెప్పినట్టు రికార్డులో ఎక్కడా లేదు." గితేక్ మళ్లీ రాశాడు, తన పేరు ముద్ర వేశాడు. ముప్పై రెండేళ్లలో వేసిన ముద్రలన్నిట్లో ఇదే బరువుగా తోచింది. అయినా వేశాడు. అలసిపోయిన మనిషికి ఒప్పుకోవడమే తేలిక.

సమావేశం నాడు ఇమ్‌సూన్ ప్రేక్షకుల బల్ల మీద ముందు వరసలో కూర్చుంది. పెళ్లిళ్లకి కట్టుకునే ఊదారంగు బట్టలు, మెడలో గొలుసుతో కళ్లద్దాలు, ఒళ్లో చిన్న నోటుపుస్తకం. పక్కన మార్కెట్ వీధి చేపలావిడ. గితేక్ నామ్‌గుంగ్ వెనకాల కుర్చీలో, కాగితాలు అందించడానికి.

యంగ్‌బే లేచి ప్రశ్న చదివాడు, మధ్యలో ఒక లైను తప్పించి మళ్లీ వెనక్కి వచ్చాడు. నామ్‌గుంగ్ లేచి జవాబు చదివాడు. "అలా చెప్పినట్టు రికార్డులో ఎక్కడా లేదు."

"అర్థమైందండీ," అని యంగ్‌బే కూర్చున్నాడు.

నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఇమ్‌సూన్ పెన్సిలు పట్టుకుని ఇంకా ఎదురుచూస్తోంది. చెవుడు వల్ల ఆవిడ గుసగుస కూడా హాలంతా వినబడుతుంది. "అయిపోయిందా?" అని అడిగింది చేపలావిణ్ణి. "అంతేనా? అయిపోయిందా?"

ఆ మాట గితేక్ చెవిన పడింది. ఎలా లేచాడో ఆయనకే తెలీదు. లేచి నిలబడి ఉన్నాడు, అంతే.

"చైర్మన్‌గారూ, టౌన్ ప్లానింగ్ టీమ్ లీడరు మ్యోంగ్ గితేక్. జవాబులో ఒకటి తక్కువైంది. ఆ మాట చెప్పింది నేను. ముప్పై రెండేళ్ల కింద, మూడో నంబరు కిటికీలో. రెండు మూడేళ్లలో రోడ్డు వస్తుంది, అందాకా ఆగమన్నాను. నిజమో కాదో తెలుసుకోకుండానే చెప్పాను. వాళ్లు నమ్మారు. అది నా తప్పు. మన్‌సోక్‌గారిది బద్ధకం కాదు."

హాల్లో ఎవరో దగ్గారు. నామ్‌గుంగ్ మెడ ఎర్రబడింది. చైర్మన్ పక్కనున్న గుమాస్తాతో ఏదో గొణిగి మైకు దగ్గరికి జరిగాడు.

"ఇప్పుడన్నది ఆఫీసు మాట కాదు, సొంత మాట. తీర్మానానికి సంబంధం లేదు. మినిట్సులోంచి తీసేద్దాం. అభ్యంతరం ఉందా?"

"లేదు," అన్నారు తొమ్మిదిమంది కౌన్సిలర్లూ ఒకే గొంతుతో. అందులో యంగ్‌బే గొంతు కూడా ఉంది. చైర్మన్ సుత్తి మూడుసార్లు కొట్టాడు. అదే ఊపులో ఏడో నంబరు రోడ్డు రద్దుకి అభ్యంతరం ఉందా అన్నాడు. లేదన్నారు. మళ్లీ మూడు దెబ్బలు. గీత పోయింది.

వరండాలో నామ్‌గుంగ్ ఎదురొచ్చాడు. "ఏడు నెలలు నోరు కట్టుకోలేకపోయారా?" అని మాత్రం అని, జవాబు కాగితం గితేక్ చేతిలో కుక్కి వెళ్లిపోయాడు. గితేక్ కాఫీ మిషన్ పక్కన గోడకి చేరగిలబడ్డాడు. తేలికపడుతుందనుకున్నాడు, ఏమీ తేలికపడలేదు. నడుం నొప్పి మాత్రం మొదలైంది.

ఇమ్‌సూన్ మెట్లు దిగి వచ్చింది. ఆయన మొహంలోకి, నెత్తి మీదికి, పొట్ట మీదికి ఎగాదిగా చూసింది.

"నువ్వా?"

"నేనేనక్కా."

"పందొమ్మిదేళ్ల నించి నా చేతి నూనె తింటున్నావు. ఆయన కుంటుకుంటూ నీ సంచి మోసుకొచ్చి బండిలో పెట్టేవాడు. అప్పుడైనా చెప్పబుద్ధి కాలేదురా నీకు?"

"మొహం చెల్లలేదక్కా."

"మొహం చెల్లలేదట! నీ మొహం సంగతి ఎవడిక్కావాలి!" చేతిసంచితో భుజం మీద ఒక్కటేసింది. గట్టిగానే తగిలింది. ఆవిడ కళ్లు నీళ్లతో నిండిపోయాయి, అందుకు ఇంకా కోపమొచ్చింది. ఆ నీళ్లు ఆరేదాకా ఆగి అడిగింది. "ఇప్పుడన్నావు చూడు, అది పుస్తకంలో పడిందా?"

"తీసేశారు."

"అయితే రాసివ్వు. ఇప్పుడే. ఇక్కడే."

గితేక్ దగ్గర జవాబు కాగితమే ఉంది. దాన్ని తిరగేసి, కాఫీ మిషన్ మీద పెట్టి, హాల్లో అన్న మాటలన్నీ వరసగా రాశాడు. తేదీ వేశాడు. జేబులోంచి ముద్ర తీసి నోటితో ఊది పేరు పక్కన ఒత్తాడు. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం చదువుకుంది. మన్‌సోక్ పేరు దగ్గర వేలు ఆపింది. మడిచి నోటుపుస్తకంలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత గితేక్‌కి సంజాయిషీ నోటీసు వచ్చింది. సంజాయిషీ రాసుకున్నాడు. గీత కింది నలభై రెండు ఇళ్లకీ ఆఫీసు వేరే నోటీసు పంపింది. "ఆంక్షలు తొలగినవి. ఇకపై మూడంతస్తుల వరకు కట్టుకోవచ్చును." దాన్ని తయారుచేసిందీ ఆయనే. ఇమ్‌సూన్ పేరు మీది కవరు అతికిస్తూ చాలాసేపు కూర్చుండిపోయాడు. డెబ్బై ఒకటో ఏట ఆవిడ ఇప్పుడు ఏం కట్టుకుంటుంది, ఎవరి కోసం కట్టుకుంటుంది?

చలికాలానికి కిమ్చీ పచ్చళ్లు పెట్టే రోజులొచ్చాయి. ఇంట్లో కారం ఆడించడానికి ఎండుమిరపకాయల మూట సిద్ధమైంది. "పక్క ఊరి మిల్లుకి పోనా?" అన్నాడు గితేక్. "చేసిందేమో ఈ ఊళ్లో, తలదాచుకోవడమేమో పక్క ఊళ్లోనా? పదండి," అంది భార్య, మూట చేతికిస్తూ.

సన్నగా వాన పడుతోంది. మిల్లులో పదిమంది ఆడవాళ్లు మూటలు ముందు పెట్టుకుని వరసగా కూర్చున్నారు. గోడకి, బాణలి పైన, ప్లాస్టిక్ కవరులో ఆ కాగితం వేలాడుతోంది. అటు తిప్పినా ఇటు తిప్పినా కనబడేలా దారం కట్టింది. ఒకవైపు రికార్డులో లేదని, రెండోవైపు నేనే చెప్పానని, రెండువైపులా అదే ముద్ర. కొత్తగా వచ్చిన ముసలావిడొకామె పైకి చదివింది.

"ఎవరే ఈ మ్యోంగ్ గితేక్?"

"అదుగో, మూట పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు చూడు," అంది చేపలావిడ. "తద్దినం రోజున ఈ కాగితం చదివితే మరుదులిద్దరికీ మెతుకు దిగలేదట. చిన్నవాడైతే అన్న పటం ముందు పడి ఏడ్చాట్ట."

అందరి తలలూ ఇటు తిరిగాయి. గితేక్ చెవులు మండిపోయాయి. మూట వరస చివర దించి, "నా వంతు రావడానికి ఎంతసేపు పడుతుందక్కా?" అన్నాడు.

ఇమ్‌సూన్ మర మీంచి తల తిప్పలేదు.

"ఎందుకండీ బెంగ! రెండు మూడేళ్లలో వచ్చేస్తుంది."

ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు. ఇమ్‌సూన్ నవ్వలేదు. గితేక్ కూర్చోబోతుంటే కప్పు మీంచి నీటిబొట్టు బల్ల మీద టప్పున పడింది.

"ఆ బకెట్టు కాస్త ఇటు జరుపు," అంది ఆవిడ.

బకెట్టు చుక్క కిందికి జరిపి, దాని పక్కనే కూర్చున్నాడు గితేక్.