ఇంజన్ వేడి

రొట్టె పొంగింది. రేణుకమ్మ దాన్ని తిరగేసి, అంచుల్ని తడిగుడ్డతో నొక్కి, పెనం మీది నుంచి తీసి పళ్లెంలో వేసింది. పక్కన పచ్చిమిరపకాయలు, చింతపండు, ఉప్పు కలిపి నూరిన కారం ఉంది. అందులో ఉల్లిగడ్డ లేదు, ఎల్లిగడ్డ లేదు. ఖాకీ చొక్కా చీర మీద తొడుక్కుని, నిలబడే మొదటి ముక్క తుంచింది.

ఆమె అత్త ఈదమ్మ ఒక గ్లాసు పాలు, రెండు బ్రెడ్డు ముక్కలు తెచ్చి గట్టు మీద పెట్టింది.

"పొద్దుగాల్నే గా కారమేందే? అందుకే నీ కడుపు గట్ల తిప్పుతది. పాలల్ల బ్రెడ్డు ముంచుకోని తిను. ఏ రోగానికైన గదే పథ్యం."

"రెండేండ్లు తిన్న గద అత్తా. తినే సచ్చిన."

"నీకు జెప్పేటోళ్లంతా పిచ్చోళ్లు" అని ఈదమ్మ పాలను పిల్లి పళ్లెంలో వంపింది.

రేణుకమ్మకు ముప్పై తొమ్మిదేళ్లు. గద్వాల నుంచి వనపర్తి పోయే బస్సులో కండక్టరుగా తొమ్మిదేళ్ల నుంచి పనిచేస్తోంది. సన్నటి మనిషి, పొడుగాటి చేతులు. టికెట్టు యంత్రం పట్టీ ఒరిసి ఒరిసి కుడిభుజం మీద చర్మం నల్లగా మందంగా తయారైంది. నాలుగేళ్లుగా ఆమె కడుపు ఆమె మాట వినడం లేదు. కొన్నాళ్లు రోజుకు ఐదుసార్లు పరుగెత్తించేది. తర్వాత మూడు రోజులు పూర్తిగా బిగదీసుకుని, పొట్ట డోలులా ఉబ్బి, చీర కుచ్చిళ్లు కూడా నొప్పి పెట్టేవి. నొప్పి ఎడమవైపు కింద మొదలై, ఎవరో తడిబట్ట పిండినట్టు మెలిపెట్టేది. దొడ్డికి పోయి వస్తే కాసేపు వదిలేది.

గద్వాలలో చూపించుకుంది, మహబూబ్‌నగర్‌లో చూపించుకుంది. రక్తం, మలం, స్కానింగు, చివరికి గొట్టం వేసి కూడా చూశారు. ప్రతి కాగితం మీదా ఒకటే మాట, నార్మల్. ఆ మాట ఇంట్లో వాళ్లకు ధైర్యమిచ్చింది. ఆమెకు మాత్రం ఆ మాటతో నోరు మూసుకుపోయింది. "నార్మలే గద" అన్నాడు మేస్త్రీ పనిచేసే మొగుడు బాలస్వామి. "మనసుల పెట్టుకుంటున్నవ్" అన్నారు చుట్టాలు. డ్యూటీ మార్చమని, రెండు గంటలు బస్సులో బిగబట్టుకోలేకపోతున్నానని అర్జీ పెట్టుకుంటే, డిపో గుమాస్తా వెంకటన్న రిపోర్టులు తిరగేసి, నలుగురి ముందూ నవ్వాడు. "నార్మల్ అని దవాఖానోళ్లే రాసిండ్రు. మరి నీకు రోగం ఏడికెల్లి వచ్చింది రేణుకమ్మా?" ఆ అర్జీ మళ్లీ కనబడలేదు.

నిరుడు కర్నూలులో ఒక డాక్టరమ్మ మాత్రం ఆమెను కూర్చోబెట్టి అరగంట మాట్లాడింది. పేగుల్లో పుండు లేదు, గడ్డ లేదు, కానీ అవి పనిచేసే తీరులో తేడా ఉందని, దానికి ఐ.బి.ఎస్. అని పేరుందని, ప్రాణభయం లేదు కానీ బాధ నిజమేనని చెప్పింది. ఒక్కొక్కరికి ఒక్కో తిండి పడదని, ఎవరికి వారే కనిపెట్టుకోవాలని, తిన్నదీ అయిందీ రోజూ రాసుకొమ్మని చెప్పింది. 'నిజమే' అన్న మాటకు రేణుకమ్మ ఆ గదిలోనే ఏడ్చింది.

కూతురు మానస వాడి వదిలేసిన నోటు పుస్తకంలో పదకొండు వారాలు రాసింది. ఒకటి మానేసి చూసేది. మళ్లీ తిని చూసేది. మొదట, రెండేళ్లుగా మానేసిన కారం మళ్లీ తిని చూసింది. ఏమీ తేడా లేదు. తర్వాత పాలు మానేసింది. పదిరోజులకు కడుపు మెత్తబడింది. ఆదివారం ఇంట్లో ఉండి ఒక గ్లాసు తాగింది, మధ్యాహ్నానికల్లా మూడుసార్లు పరుగెత్తింది. నమ్మకం కుదరక ఇంకో ఆదివారం తాగింది, మరో ఆదివారం తాగింది. పడనిది పాలు. తర్వాత బ్రెడ్డు. తర్వాత పచ్చి ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, శనగపప్పు. జొన్నరొట్టె పడింది. మిరపకారం పడింది.

తెలిసిన రోజు ఆమెకు సంతోషం కలగలేదు. రెండేళ్లు కారం మానేసి, నోరు చప్పిడి చేసుకుని, పొద్దునా సాయంత్రమూ అందరూ ప్రేమగా తెచ్చిపెట్టిన పాలూ బ్రెడ్డూ తిని, ఆ రోగాన్ని తనే పోషించింది. ఎవరిని తిట్టాలో తెలియని కోపం అది. అప్పటి నుంచీ అది ఆమె ఒంట్లోనే ఉంది.

ఆ రోజు ఆమె డిపోకు చేరేసరికి గేటు దగ్గర గుంపు ఉంది. డ్రైవర్ బషీర్‌కు అది ఆఖరి డ్యూటీ. ఇవాళ్టితో యాభై ఎనిమిది. బంతిపూల దండ మెడలో వేసుకుని, ఏం చేయాలో తోచనట్టు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. పక్కన బల్ల మీద ఆయన భార్య కుల్సుమ్‌బీ పంపిన సేమ్యా పాయసం ఉంది. చిక్కటి పాలు, మీద జీడిపప్పు.

వెంకటన్న గిన్నె నింపి రేణుకమ్మ చేతిలో పెట్టాడు.

"నాకు పడదు సారూ."

"వద్దంటుంది గద సార్, ఇడువుండ్రి" అన్నాడు బషీర్.

"ఎందుకు పడదు? నార్మలే గద నీకు" అని వెంకటన్న కళ్లు చిట్లించి, గొంతు కొంచెం పెంచాడు. "సాయిబులింటి పాయసమని తింటలేవా ఏంది?"

రెండు మూడు నవ్వులు వినిపించాయి. బషీర్ నేల చూశాడు. ఆరేళ్లు ఒకే బండిలో పనిచేసిన మనిషి. రేణుకమ్మ వెంకటన్న కళ్లలోకి చూస్తూ, చెంచా వెంట చెంచా, గిన్నె ఖాళీ చేసి బల్ల మీద ఠంగున పెట్టింది.

"బాగుందన్నా. వదినెకు జెప్పు" అంది బషీర్‌తో.

ఎర్రవల్లి దాటేదాకా ఏమీ కాలేదు. బస్సు కిక్కిరిసి ఉంది. మూటలు, పారలు, వనపర్తిలో పెళ్లికి పోయే జనం. ఇటిక్యాల వైపు నుంచి వచ్చి ఎక్కినవాళ్లకు టికెట్లు కొడుతుండగా ఎడమవైపు కింద మెలిక పడింది. రేణుకమ్మ రాడ్డు పట్టుకుంది. నుదుటి మీద చెమట చల్లగా పట్టింది. బీచుపల్లి వంతెన ఇంకా దూరం. దాటినా, ఆగే చోట ఆడవాళ్ల మరుగుదొడ్డికి ఎప్పుడూ తాళమే. ఆమె చేయి పైకి లేచి తాడు లాగింది. ఒక్క గంట.

బషీర్ అద్దంలోకి కూడా చూడలేదు. సర్కారు తుమ్మలు గుబురుగా ఉన్నచోట బండిని పక్కకు తీశాడు. నాలుగేళ్ల కిందట మొదటిసారి ఇలాగే గంట కొట్టి, మాట చెప్పకుండా దిగి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి ఆయన నీళ్ల డబ్బా పట్టుకుని, "ఇంజన్ వేడెక్కింది, ఐదు నిమిషాలు" అని అందరికీ చెబుతున్నాడు. ఆ రోజు నుంచీ ఇద్దరూ దాని గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు. కాగితం మీద ఆలస్యానికి కారణం రాసే గడిలో ఆమె 'ఇంజన్ వేడి' అనే రాసేది.

తుమ్మల వెనకనుంచి ఖాళీ నీళ్ల సీసాతో వస్తుంటే అరుపులు వినిపించాయి. తెల్లచొక్కా వేసుకున్న ఒక పెళ్లి పెద్ద కిందికి దిగి, బండి ముందు జాలీ మీద అరచేయి ఆనించి నిలబడ్డాడు.

"ఏడుంది వేడి? సూడుండ్రి, పొగ లేదు, ఆవిరి లేదు! వారం వారం పోత నేను, ఎప్పుడూ ఈడనే వేడెక్కుతది ఈ బండి. ఏం నాటకమయ్యా? బీడీ తాగనీకి ఆపుతవా? ముహూర్తం దాటిపోతుంది ఆడ!"

బషీర్ దండ ఇంకా మెడలోనే ఉంది. "అయిపోయింది సారూ, ఎక్కుండ్రి" అంటున్నాడు మెల్లగా. "నీ మీద రాసిస్త. నౌకరి పోగొడత!" అంటున్నాడు పెద్దమనిషి.

ఆఖరి రోజు. ముప్పై ఏళ్లు ఒక్క మాట పడని మనిషి.

"ఆయనను ఏమనకు" అంది రేణుకమ్మ. గొంతు ఆమెది కానంత పెద్దగా వచ్చింది. కిటికీలన్నీ ఇటు తిరిగాయి. "ఇంజన్ వేడెక్కలే. ఎప్పుడూ వేడెక్కలే. నాకు కడుపు రోగం. దొడ్డికి పోవాలె, పోయిన. నేనే ఆపమన్న. రాసిస్తవా? రాయి. రేణుకమ్మ, కండక్టరు. కాయితం గూడ నేనే ఇస్త."

పెద్దమనిషి చేయి జాలీ మీది నుంచి తీసేసుకున్నాడు. బస్సులో మగవాళ్లు కొందరు ముఖం తిప్పుకున్నారు.

వెనక తలుపు దగ్గర, ఖిల్లా ఘణపూర్ పోయే ఒక ముసలమ్మ సంచి పక్కావిడకిచ్చి, ఒక్కో మెట్టూ దిగింది.

"ఆగు బిడ్డా, బండి గదిలియ్యకు. నేను గూడ పోయొస్త. గద్వాల కాడికెల్లి బిగవట్టుకోని కూసున్న."

ఆమె వెనక ఒక బాలింత దిగింది. తర్వాత పెళ్లి బట్టల్లో ఉన్న ఇద్దరు. ఆ తర్వాత పెద్దమనిషి భార్యే, భర్త వైపు చూడకుండా, పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దిగింది. మొత్తం పదకొండు మంది దిగారు. తుమ్మల వెనక నుంచి వాళ్ల మాటలు, ఎవరిదో నవ్వు. రేణుకమ్మ మెట్టు దగ్గర నిలబడి, అందరూ ఎక్కేదాకా ఆగి, బండి కదలమని రెండు గంటలు కొట్టింది. కోపం తగ్గలేదు. ఇన్నేళ్లు వీళ్లంతా ఇలాగే కూర్చున్నారని తెలిసి ఇంకా పెరిగింది.

సాయంత్రం డిపోలో కాగితాలు అప్పజెబితే వెంకటన్న ఆలస్యం గడి దగ్గర ఆగాడు.

"ఇదేంది? 'కండక్టరు, పదకొండు మంది ఆడవాళ్లు దొడ్డికి దిగినందున ఇరవై నిమిషాలు.' గిట్ల రాస్తరా ఎవరన్న? కొట్టేసి ఎప్పట్లెక్క రాయి. ఇంజన్ వేడి అని."

"ఇంజన్‌కేం రోగం లేదు సారూ" అంది రేణుకమ్మ. "ఇంజన్ నార్మల్."

వెంకటన్న కలం ఆమె వైపు తోశాడు. ఆమె ముట్టుకోలేదు. బల్ల ముందు నుంచి కదలలేదు కూడా. వెనక లైన్లో ఉన్న ఇంకో ఇద్దరు ఆడ కండక్టర్లు మెడలు చాచి ఆ గడిలో ఏముందో చదివారు. చివరికి అతను ఆ కాగితం మీద అలాగే ముద్ర కొట్టాడు.

బయట బషీర్ తాళాలు అప్పజెప్పి వస్తున్నాడు. గేటు దగ్గర కొడుకు జావేద్ స్కూటర్ పట్టుకుని నిలబడ్డాడు.

"గిన్నేండ్లు నీతోని అబద్ధాలాడిచ్చిన అన్నా" అంది రేణుకమ్మ.

"నువ్వు ఆడియ్యలే. అప్పుడప్పుడు నిజంగ గూడ వేడెక్కింది లేమ్మా."

"నవ్వకు. నీకేం, నువ్వు ఇంటికి పోతవ్. రేపొచ్చేటోడికి నేనేం జెప్పాలె?"

"ఇయ్యాల జెప్పినవ్ గద" అన్నాడు. "గట్లనే జెప్పు." తల ఊపి, కొడుకు వెనక ఎక్కి కూర్చున్నాడు. స్కూటర్ మలుపు తిరిగింది. ఆయన వెనక్కి చూడలేదు.

మరచిపోయిన నీళ్ల సీసా కోసం రేణుకమ్మ మళ్లీ బస్సెక్కింది. డ్రైవర్ సీటు మీద, కుల్సుమ్‌బీ పాత చీరతో కుట్టిన చిన్న దిండు, ఆయన కూర్చున్నంత మేర అణిగిపోయి, ఇంకా కొంచెం వెచ్చగా ఉంది.