గోధుమరంగు పొగ

మా స్కూలు కెమిస్ట్రీ సారు ఆనంద్‌కుమార్‌కు రెండు విషయాల్లో ఎవరూ సాటిరారు. ఒకటి, తమిళనాడులోని మా ధర్మపురి బస్టాండు దగ్గర ట్యూషన్ ఫ్లెక్సీలో తన ముఖాన్ని తానే అంత పెద్దగా వేయించుకోవడం. రెండు, ఆరేళ్లుగా ఒక్క టెస్ట్‌ట్యూబు చేత్తో పట్టకుండా ప్రాక్టికల్స్ నడిపించడం. స్పిరిట్ దీపం వెలిగించాలన్నా "ఇంద్రాణీ" అని నన్నే కేకేస్తాడు. నేను ల్యాబు అటెండరును. ఇరవై రెండేళ్లుగా ఆ గాజు సామాను కడుగుతున్నాను.

మా దగ్గర పిల్లలు ప్రయోగం చేశాక రికార్డు రాయరు, ముందే రాస్తారు. పోయిన బ్యాచి రికార్డు తెచ్చుకుని బొమ్మలతో సహా ఎక్కించేస్తారు. ఆ బ్యాచి వాళ్లూ అంతకుముందు వాళ్లది చూసి ఎక్కించినవాళ్లే. ఎవరో మహానుభావుడు ఎప్పుడో "జింకు, నైట్రిక్ ఆసిడ్: హైడ్రోజన్ వాయువు, టప్పుమని శబ్దం" అని రాసిపెట్టాడు. ఆనంద్‌కుమార్ ఏటా దానికింద సంతకం పెడతాడు. చదివితే కదా తప్పు తెలిసేది.

పిక్కిలి కొండ ఊరి నుంచి చదువుకోడానికి వచ్చే అముద మాత్రం ప్రయోగం చేసి రాసింది. జింకు ముక్క మీద నైట్రిక్ ఆసిడ్ పోస్తే గోధుమరంగు పొగ గుప్పున లేచింది. వెలిగించిన పుల్ల పెడితే టప్పూ లేదు, టుప్పూ లేదు. చూసింది చూసినట్టు రాసి, కింద కారణం కూడా రాసింది. ఈ ఆసిడ్ హైడ్రోజన్‌ను బయటికి వదలదు, అక్కడే నీళ్లుగా మార్చేసి తాను ఆ పొగగా మారుతుంది.

ఆనంద్‌కుమార్ ఆ పేజీని ఎర్రపెన్నుతో అడ్డంగా కొట్టేశాడు. అందరిలా రాస్తేనే సంతకమన్నాడు. సంతకం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ పిల్లకు వ్యవసాయ కాలేజీ సీటు మీద ఆశ. ఒకటి రెండు మార్కులు తగ్గినా సీటు పోతుంది.

"ఏం చేసేదక్కా?" అని నా దగ్గరికి వచ్చింది. వాళ్లింట్లోలాగే మా ఇంట్లోనూ తెలుగే కాబట్టి నాతో తెలుగులోనే మాట్లాడుతుంది.

"ఆయప్ప చెప్పినట్లే రాసిపెట్టు పాపా. పరీక్షకు వచ్చేటోడూ ఈయన మాదిరోడే. బిరియాని తిని, మార్కు వేసి పోతాడు."

"నేను కండ్లారా చూసినాను కదక్కా."

"చూసినావులే. మార్కు కావల్లా వద్దా?"

ఆ పేజీ చించేసి మళ్లీ రాసింది.

పరీక్షనాడు వచ్చింది పంచవర్ణం అనే మేడమ్. బిరియాని వద్దంది. అప్పుడే నాకు గుండె జారింది. వరసలో మొదటి పేరు అముదదే. మేడమ్ రికార్డు తెరిచి నిజంగానే చదివింది.

"నువ్వు చేసి చూశావా? హైడ్రోజన్ వచ్చిందా?" అని తమిళంలో అడిగింది.

అముద నావైపు చూసింది. నేను ట్రేలోని గొట్టాలు సర్దుకుంటూ నిలబడ్డాను.

"వచ్చింది మేడమ్," అంది చివరికి.

మేడమ్ మూడు మార్కులు కోసేసింది. "పిక్కిలి పిల్లలు మేడమ్, ఎంత చెప్పినా బుర్రకెక్కదు," అన్నాడు ఆనంద్‌కుమార్, సిగ్గన్నది లేకుండా.

మేడమ్ టీకని ఆఫీసు గదికి వెళ్లగానే ఆ పెద్దమనిషి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. నిజానికి ఏ వాయువు వస్తుందని గుసగుసగా అడిగాడు. అముద కోసం పెగలని నోరు, ఆయన అడగ్గానే కారణంతో సహా గడగడా చెప్పేసింది. ఆయన చెప్పగా పది నిమిషాల్లో మిగతా పిల్లలంతా రికార్డులు దిద్దుకున్నారు. వాళ్లందరికీ పూర్తి మార్కులు పడ్డాయి.

సాయంత్రం అముద రోజూ చెప్పినట్టే "పోయొస్తానక్కా" అని చెప్పి మెట్లు దిగింది. ఇన్నేళ్లూ ఆనంద్‌కుమార్‌ను చూస్తే ఉమ్మేయాలనిపించేది. ఆ రోజు నామీద నాకే అలా అనిపించింది.